రెండు పిలుపుల నేరం

మధుకేసర రాజ్యానికి ఉత్తరపు హద్దుగా నిలిచిన నీలకంకణ పర్వతాల మీద మధ్యాహ్నపు ఎండ పరుచుకుంది. శిఖరాల మీది మంచు కరిగి, వేయి పాయలై, పచ్చలు తాపినట్టున్న బండల మీదుగా దూకుతూ లోయలో పడుతోంది. దేవదారు కొమ్మల్లో పసిడిరెక్కల పిట్టలు గుంపులు గుంపులుగా ఎగురుతున్నాయి. గాలిలో అడవి సంపెంగల వాసన, కస్తూరి మృగాల వాసన కలగలిసి వస్తోంది. చూసే ఓపిక ఉన్నవాడికి అది దేవతలు నడిచే దారి. కొలువు తీర్పరి సింగదేవుడికి ఆ ఓపిక లేదు. ఆయన కంచరగాడిద మీద ముందుకు వాలి, నొప్పి పెడుతున్న మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, ఇంకెంత దూరమో చెప్పే నరుడెవడైనా కనబడతాడేమోనని చూస్తున్నాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. రాజుగారి కొలువులో పనిచేసే వాళ్ళెవరైనా సరే, పల్లకీ బోయీ మొదలు సేనాని దాకా, పనిలో తప్పు చేశారన్న మాట వస్తే వెళ్ళి విచారించి తీర్పు చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పుకోవడానికి ఘనమైనదే. కానీ ఆ రాజ్యంలో పాత శాసనం ఒకటుంది. ఇప్పటి రాజుగారి ముత్తాత కాలంలో ఒక తీర్పరి మెత్తటి పరుపు మీద కూర్చుని, బావిలోంచి ఆలస్యంగా పైకి వచ్చాడన్న నేరానికి ఒక పూడిక కూలీకి కాళ్ళు తీయించాడట. రాజుగారికి ఒళ్ళు మండి, ఆ తీర్పరినే బావిలోకి దింపి ఒక జాము సేపు పూడిక తీయించారట. పైకి వచ్చాక ఆ పెద్దమనిషి మళ్ళీ తీర్పు చెప్పలేదు. అప్పటినుంచి అదే శాసనమైంది. నింద పడ్డవాడికి ఆ నింద చదివి వినిపించాలి. వాడి జవాబు వినాలి. వాడి పాత కొలువు ఎలాంటిదో చూడాలి. ఆ తరువాత తీర్పరి వాడి పనిని, వాడు చేసే చోటనే, ఒక జాము సేపు స్వయంగా చేయాలి. అప్పుడే నోరు తెరిచి తీర్పు చెప్పాలి.

ఆ శాసనం రాసిన రాజుగారు సుఖంగా స్వర్గంలో ఉన్నారు. దాని ఫలం సింగదేవుడి ఒంటి మీద ఉంది. మోకాళ్ళు పల్లకీ బోయీల విచారణలో పోయాయి. కుడి భుజం పడవవాళ్ళ విచారణలో జారింది. ఏనుగుల శాలలో నడుము, కమ్మరి కొలిమిలో ఎడమ చెవి. రాణివాసంలో వింజామర దాసి ఒకతె కునుకు తీసిందని నింద వస్తే, ఒక జాము విసిరేసరికి మెడ పట్టేసింది. ఆ మెడ ఇప్పటికీ ఎడమవైపు తిరగదు. ఇదొక్కటి ముగించి కొలువు మానేస్తానని ఆయన అనుకోవడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది.

దారి మలుపు తిరిగింది. ఎదురుగా కూతకొండ కోట. దాని వెనక నల్లటి కొండ. ఆ కొండ గర్భంలో కుంభగళుడనే రాక్షసుడు మూడు వందల ఏళ్ళుగా బందీగా ఉన్నాడు. వాణ్ణి బంధించిన సిద్ధుడు గుహకు బండ అడ్డం పెట్టి, ఒక కట్టు కట్టాడు. లోపలినుంచి కుంభగళుడు గడియకొకసారి "వాకిట ఎవరు?" అని అడుగుతాడు. బయట ఉన్న మనిషి ఎవరో ఒకరు "నేనున్నాను" అనాలి. వరసగా మూడు పిలుపులకు జవాబు లేకపోతే కట్టు తెగుతుంది, రాక్షసుడు బయటికి వస్తాడు. ఎవరు పలికినా చెల్లుతుంది గానీ, పలికిన ప్రతిసారీ వాడు ఆ మనిషి కడుపులోంచి ఊపిరి గుంజుకుంటాడు. అలవాటు లేని వాళ్ళు తట్టుకోలేరు. పదేళ్ళ కింద ఒక సైనికుడు పందెం వేసి ఒక్కసారి పలికి, మూడు రోజులు రక్తం కక్కాడు. అందుకే ఈ పనికి పలుకు కాపరులని వేరే మనుషులు ఉంటారు.

సింగదేవుడు కోట వాకిలి దాటుతుండగా కొండ లోపలినుంచి పిలుపు వచ్చింది. కంచరగాడిద చెవులు నిక్కించింది. కాసేపటికి పైనుంచి ఒక ఆడగొంతు, బీటలు పడిన గొంతు, "నేనున్నాను" అంది.

కోటపాలుడు రణమల్లుడు పట్టు అంగీతో, పన్నీటి వాసనతో ఎదురొచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. రాక్షసుడి చేయి తగిలి చచ్చిపోయిన తన గుర్రం పవనహంస కోసం తొమ్మిది రోజులుగా ఏడుస్తున్నాడట.

"దయచేయండి తీర్పరిగారూ! భోజనం సిద్ధంగా ఉంది. అంతకుముందు ఈ తాటాకు మీద మీ ముద్ర ఒక్కటి పడితే చాలు" అన్నాడు.

సింగదేవుడు తాటాకు అందుకుని చదివాడు. పలుకు కాపరి గంగసాని కొలువులో అశ్రద్ధ చేసినందున, సూర్యాస్తమయ వేళ ఆమెను నక్కలోయలోకి తోయవలెనని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"విచారణ కాకముందే తీర్పు ఎవరు రాశారు?"

"మీకు శ్రమ ఎందుకని నేనే రాయించాను."

ఇలాంటి శ్రమ తగ్గించే పెద్దమనుషులను సింగదేవుడు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు. తాటాకు మడిచి రొండిన దోపుకుని, "ముందు అన్నం పెట్టించండి" అన్నాడు. ఆకలి వేస్తోంది మరి. జింక మాంసం, కుంకుమపువ్వు అన్నం, తేనె కుడుములు వెండి పళ్ళెంలో పెట్టారు. ఆయన తినగలిగినంతా తిని, చేతులు కడుక్కుని, కొండ మీదికి మెట్లెక్కాడు.

ముప్పై మెట్లు. కింద ఇనుప చువ్వల తలుపు, పైన గుహ ముందు ఎడ్లబండి పట్టేంత అరుగు. అరుగు మీద నిలబడితే కుడివైపున కోటగోడ, గోడ అవతల నక్కలోయ అంచు కనబడతాయి. బండకు వీపు ఆనించి నిలబడి ఉంది గంగసాని. యాభై దాటిన మనిషి. ముగ్గుబుట్టలాంటి తల, మెడ చుట్టూ తడిగుడ్డ, చింతనిప్పుల్లాంటి కళ్ళు.

సింగదేవుడు నింద చదివాడు. "శుద్ధ తదియనాడు మూడో జామున నీవు వరసగా రెండు పిలుపులకు పలకలేదు. దానివల్ల బండ పగిలి, కుంభగళుడి కుడిచేయి బయటికి వచ్చి, ఈశాన్య బురుజునూ పవనహంస అనే గుర్రాన్నీ నాశనం చేసింది. దీనికి నీ జవాబేమిటి?"

"నిజమేనయ్యా."

"పిలుపు వినబడలేదా?"

"వినబడింది."

"నిద్ర పట్టేసిందా?"

"లేదయ్యా. మెలకువగానే ఉన్నా."

"పోనీ, గొంతు పెగల్లేదా?"

"ఆ పూటకి బాగానే ఉంది."

సింగదేవుడికి చిరాకు వేసింది. కొలువులో తప్పు చేసినవాళ్ళు చెప్పే సాకులు ఆయన వెయ్యి విన్నాడు. పాము కనబడిందన్నవాళ్ళు, పూనకం వచ్చిందన్నవాళ్ళు, పెళ్ళాం పుట్టింటికి పోయిందన్నవాళ్ళు. తప్పించుకోవడానికి తానే సందులు చూపిస్తుంటే ఒక్కదాంట్లోనూ దూరని మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

"మరెందుకు పలకలేదమ్మా?"

అంతలో పిలుపు వచ్చింది. గంగసాని బండ వైపు తిరిగి, కడుపు రెండు చేతులతో నొక్కిపట్టుకుని, "నేనున్నాను" అంది. మళ్ళీ వీపు ఆనించి, కొంచెంసేపు కళ్ళు మూసుకుని, అప్పుడు చెప్పింది.

"ఇంకెవరన్నా పలుకుతారేమోనని చూశానయ్యా. కోటలో మూడొందలమందిమి ఉన్నాం. వాడి పిలుపు అందరికీ వినబడుద్ది. ఇరవై రెండేళ్ళుగా వాడు ఎవరంటాడు, నేను నేనున్నానంటా. ఆ పూట ఎందుకో, ఎప్పుడూ నేనే ఎందుకుండాలి అనిపించింది. ఊరుకున్నా. ఎవరూ పలకలా. రెండోసారీ ఊరుకున్నా. బురుజు కూలింది. వంటశాల ఆడోళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఎటు పోవాలో తెలీక అక్కడక్కడే తిరగతా కనబడ్డారు. ఇక మూడోసారి పలికా. చెయ్యి లోపలికి పోయి బండ మూసుకుంది."

"నీతోపాటు ఇంకో ఇద్దరుండాలి కదా? ముగ్గురూ వంతులు మారాలి."

"ఉన్నారయ్యా. మల్లప్ప, సూరన్న. నలభై రోజులైంది కోట దొరగారు వాళ్ళని వేటకి తోలుకుపోయి. పొదల్లో జంతువుల్ని అదిలించడానికి మంచి గొంతులున్నోళ్ళు కావాలంట. దొరగారు వచ్చేశారు గానీ వాళ్ళని వేట విడిదిలోనే ఉంచారు, మళ్ళీ పోతారంట."

"నలభై రోజులు ఒక్కదానివేనా? నిద్రో?"

"పిలుపుకీ పిలుపుకీ మధ్యలోనయ్యా. దొరగారికి మూడుసార్లు కబురంపా. ఓసారి తాటాకు కూడా రాయించా. జవాబు రాలా."

 సింగదేవుడు శాసనం ప్రకారం అడగవలసిన ఆఖరు మాట అడిగాడు. "నీ పాత కొలువు గురించి నీ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

గంగసాని తలతో వెనక బండను చూపించింది. "నా గొంతు రోజూ వినేది వాడొక్కడేనయ్యా."

సాయంకాలపు జాము మొదలైంది. సింగదేవుడు పై పంచె నడుముకు బిగించి, గంగసానిని కింద కావలి గదికి పంపి, బండ ముందు నిలబడ్డాడు. ఇక నుంచి ఏడు పిలుపులు ఆయనవి.

"వాకిట ఎవరు?"

దగ్గరగా వింటే ఆ గొంతులో గర్జన లేదు. ఎన్నో యోజనాలు నడిచి వచ్చినవాడు తలుపు తట్టి అడిగినట్టుంది. "నేనున్నాను" అన్నాడు సింగదేవుడు. అంతే, బొడ్డు కిందనుంచి ఎవరో చేద వేసి తోడినట్టు ఊపిరంతా బయటికి పోయింది. ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు.

"కొత్త గొంతు" అన్నాడు లోపలినుంచి కుంభగళుడు. "ముసలి గొంతు కూడానూ. గంగసాని ఏమైంది?"

"విచారణలో ఉంది."

"రెండుసార్లు ఊరుకున్నందుకా? నాకు మూడు వందల ఏళ్ళలో దొరికిన సుఖం ఆ రెండు గడియలే. పాపం, మంచి మనిషి."

రెండో పిలుపు, మూడో పిలుపు.  నాలుగో పిలుపుకు సింగదేవుడి కళ్ళ ముందు పసుపుపచ్చ చుక్కలు ఆడాయి. పనిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు, ఇక చాలు, లేచి పోదామనిపించింది.

"తీర్పరీ" అన్నాడు కుంభగళుడు మెల్లగా. "నీకూ అలసటగానే ఉంది. నీ ఊపిరిలో తెలుస్తోంది. ఒక్కసారి ఊరుకో. ప్రపంచం నీ ఒక్కడిదేనా?"

ఐదో పిలుపు వచ్చినప్పుడు సింగదేవుడు వెంటనే పలకలేదు. పలకాలని తెలుసు, గొంతు ఉంది, మెలకువ ఉంది. అయినా నోరు తెరవడానికి మనసు ఒప్పలేదు. ఆఖరు క్షణంలో ఎలాగో పలికి, చెమటలు కారుతూ కూలబడి, ఆ ఆడమనిషి చెప్పిందంతా ఎంత నిజమో ఒంటితో తెలుసుకున్నాడు. ఐదు పిలుపులకే తనకిలా ఉంటే నలభై రోజులు ఆమె ఎలా నిలబడిందో తలుచుకుని ఆయనకు సిగ్గు వేసింది.

ఆ సిగ్గులో, ఆ నీరసంలో ఆయన ఒక పొరపాటు చేశాడు. ఒంట్లో ఓపిక ఉన్న రోజైతే చేసేవాడు కాదు. మెట్ల కింద పచార్లు చేస్తున్న రణమల్లుణ్ణి చూసి, మనసులో మాట బయటికి అనేశాడు.

"కోటపాలుడా! వేట విడిదికి ఇప్పుడే రౌతును పంపి మల్లప్పనీ సూరన్ననీ పిలిపించు. ముగ్గురు చేసే పని ఒకరి నెత్తిన పెట్టావు. మూడు విన్నపాలకు పలకలేదు. ముందు నీ మీదే నింద రాయాలి."

రణమల్లుడు తల పైకెత్తి చూశాడు. వాచిన కళ్ళు చిన్నవయ్యాయి. గుర్రం పోయిన దుఃఖం ఒక్కసారిగా ఎటు పోయిందో పోయింది. ఆ రాజ్యంలో కొలువు వంతులు చెదరగొట్టిన అధికారికి శిక్ష శిరచ్ఛేదం. వాడు చేసిన పని రాజుగారి దాకా చేర్చగల నోళ్ళు ఇప్పుడు రెండే, ఒకటి అరుగు మీద, ఒకటి కావలి గదిలో. వాడు చెయ్యి ఊపాడు. భటులు ఇనుప చువ్వల తలుపు లాగి గొళ్ళెం వేశారు.

"తమరు జాము పూర్తి చేయండి తీర్పరిగారూ" అన్నాడు రణమల్లుడు చేతులు జోడించి. "ఆ తర్వాత జామూ, ఆ పై జామూ కూడా తమదే. అలవాటు లేని పని చేయబోయి పెద్దాయన పోయారని రాజుగారికి నేనే కన్నీళ్ళతో రాస్తాను. తమరు ఊపిరి వదిలే సమయానికి విడిది నుంచి ఆ కాపరులిద్దరూ వచ్చేస్తారు. ఇక ఆ గంగసాని విషయం. తమరి తీర్పు నేను ఎప్పుడో రాసి పెట్టాను కదా!"

నలుగురు భటులు గంగసానిని కావలి గదిలోంచి ఈడ్చుకొచ్చారు. చేతులు వెనక్కి కట్టారు. ఆమె పెనుగులాడలేదు. కోటగోడ పక్కగా నక్కలోయ వైపు నడిపిస్తుంటే, సింగదేవుడికి అరుగు మీదినుంచి అంతా కనబడుతూనే ఉంది. పడమటి కొండ మీద సూర్యుడు రెండు బారల ఎత్తున ఉన్నాడు. మెట్లు దిగి తలుపు ఊపి చూసి, మళ్ళీ పైకి వచ్చాడు. మనిషి బలానికి కదిలేది కాదు. ఇక్కడే నిలబడి పలుకుతూ ఉంటే గంగసాని చస్తుంది. పలకడం మానితే రాక్షసుడు వస్తాడు.

ఆరో పిలుపు వచ్చింది.

ముప్పై ఏళ్ళుగా కొలువు తప్పినవాళ్ళకు తీర్పులు చెప్పిన సింగదేవుడు, పళ్ళు బిగించి, పలకకుండా ఊరుకున్నాడు.

కొండ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. అరుగు మీద మట్టి రాలింది. కోటలో కుక్కలు మొరిగాయి. గోడ పక్కన భటులు ఆగి వెనక్కి చూశారు. "ముసలాడు సొమ్మసిల్లాడు. పదండి, పదండి!" అని రణమల్లుడు వాళ్ళను అదిలించాడు.

"తీర్పరీ?" అన్నాడు కుంభగళుడు నమ్మలేనట్టు. "నిజంగా ఊరుకున్నావా?"

సింగదేవుడు దానికీ పలకలేదు. గడియ సేపు బండ వారగా నక్కి కూర్చుని, పోయిన ఊపిరి కూడదీసుకున్నాడు. ఏడో పిలుపు వచ్చింది. మళ్ళీ ఊరుకున్నాడు.

పిడుగు పడినట్టు బండ నిలువునా చీలింది. ఆ చీలికలోంచి చేయి వచ్చింది. తాటిమాను లావున్న చేయి. మసి పట్టిన రాగి రంగు చర్మం, మణికట్టుకు తొమ్మిది వరసల బంగారు కడియాలు, ఆ కడియాలలో ఎర్రటి మణులు. గోళ్ళు నాగలి కర్రులంత ఉన్నాయి. అది గాలిలో ఒకసారి తడుముకుని, మెట్ల మీదికి దిగి, ఇనుప తలుపును ఈత చాపలా పెరికి అవతల పారేసింది. సింగదేవుడు కోరుకున్నదీ అదే. ఆయన మోచేతుల మీద పాకుతూ ఆ చేతి కిందుగా దూరి మెట్ల మీదికి వచ్చాడు.

"వెళ్ళు, వెళ్ళు" అన్నాడు కుంభగళుడు లోపలినుంచి నవ్వుతూ. "నువ్వెంత దూరం పోతే నాకంత మంచిది. ఇంక ఒక్కటే మిగిలింది."

ఇంక ఒక్క గడియ. ఆ లోపల గంగసానిని విడిపించి, మళ్ళీ పలకాలి. సింగదేవుడు కుంటుతూ పరుగెత్తాడు. ముప్పై మెట్లలో పన్నెండు విరిగిపోయి ఉన్నాయి. జారి, దొర్లి, కిందపడి లేచాడు. శాలలో కట్లు తెంచుకున్న గుర్రాలు ప్రాంగణంలో గిరగిరా తిరుగుతున్నాయి. వాటి మధ్యనుంచి తప్పుకుంటూ, కూలిన బురుజు రాళ్ళెక్కి గోడ అవతలికి దూకాడు. మోకాళ్ళు తిట్టుకున్నాయి. ఆయన వాటి మాట వినలేదు.

లోయ అంచున గంగసానిని పెట్టుకుని సూర్యాస్తమయం కోసం కాచుకున్న భటుల్లో ఇద్దరు ఈటెలతో అడ్డం వచ్చారు. ఈటె ఆయన పొట్టలోకి దిగేదే. పల్లకీ బోయీలు దండె కిందికి భుజం పెట్టినట్టు, సింగదేవుడు వంగి ఈటె కర్ర కిందికి భుజం పెట్టి లేచాడు. భటుడు గాలిలోకి లేచి రెండోవాడి మీద పడ్డాడు. మిగిలిన ఇద్దరూ గంగసానిని వదిలి వెనక్కి తగ్గారు. రణమల్లుడు కత్తి దూసి మీదికి వచ్చాడు. దెబ్బ తప్పించుకునే వయసు సింగదేవుడికి లేదు. అందుకని కత్తికి ఎదురుగానే వెళ్ళి, రణమల్లుడి నడుము రెండు చేతులతో వాటేసుకుని, వదలకుండా వేలాడాడు. ఇద్దరూ అంచు మీద పడి దొర్లారు. రణమల్లుడు కత్తి పిడితో వీపు మీద కుమ్ముతున్నాడు. సింగదేవుడు వదలలేదు. తొక్కిసలాటలో గడియ ఎప్పుడు గడిచిందో తెలియలేదు.

"వాకిట ఎవరు?"

ఎనిమిదో పిలుపు. వరసగా మూడోది. కొండ, కోట, లోయ ఆ గొంతుతో నిండిపోయాయి. చీలికలోంచి అప్పటికే భుజం బయటికి వచ్చింది. భుజం వెనక ఒక కొమ్ము కనబడుతోంది.

సింగదేవుడు తల ఎత్తి నోరు తెరిచాడు. గాలి రాలేదు. పరుగులో, పెనుగులాటలో కూడదీసుకున్న ఊపిరంతా అయిపోయింది. పెదవులు ఆడాయి గానీ చప్పుడు లేదు.  భటుల వైపు చూశాడు. వాళ్ళు తల దించుకున్నారు. రణమల్లుడి వైపు చూశాడు. వాడి ముఖం పాలిపోయి ఉంది, నోరు గట్టిగా మూసుకుని ఉంది. కోటగోడ మీద మూడు వందల మంది వరస కట్టి నిలబడి ఉన్నారు. ఒక్క గొంతూ లేవలేదు.

"నేనున్నాను!"

లోయ అంచున, చేతులు వెనక్కి కట్టి, మోకాళ్ళ మీద కూలబడి ఉన్న గంగసాని పలికింది. పలికి ముందుకు వాలిపోయింది.

కొండ మీద రాళ్ళు జారాయి. కొమ్ము లోపలికి పోయింది. భుజం, మోచేయి, బంగారు కడియాలు ఒకటొకటిగా చీలికలోకి వెళ్ళిపోయాయి. చివరికి నాలుగు వేళ్ళు మాత్రం బండ అంచు పట్టుకుని బయటే ఆగాయి. అవి లోపలికి పోలేదు.

సింగదేవుడు పాకుతూ వెళ్ళి ఆమె కట్లు విప్పాడు. ఆమెను లేపి కూర్చోబెట్టి, ఆయాసపడుతూ అడిగాడు. "నిన్ను చంపడానికి తెచ్చినవాళ్ళను కాపాడావేం తల్లీ?"

గంగసాని గొంతు దాదాపు లేదు. చెవి దగ్గర పెడితేనే వినబడింది. "వాళ్ళకా పని రాదయ్యా."

సింగదేవుడికి కళ్ళు చెమర్చాయి. ఆయన దాచుకోలేదు. లేచి నిలబడేసరికి నలుగురు భటులూ ఈటెలు కిందపెట్టి ఉన్నారు. "పట్టుకోండి వాణ్ణి!" అని రణమల్లుడు అరిచాడు. ఎవరూ కదలలేదు. ఇంకోసారి అరిచాడు. ఇద్దరు భటులు కదిలారు, కానీ వచ్చి పట్టుకున్నది రణమల్లుణ్ణే. వాళ్ళలో పెద్దవాడు కత్తి లాక్కుంటూ, "తప్పు మాదీ ఉంది తీర్పరిగారూ. మాకూ వినబడింది" అన్నాడు.

"మీ వంతు తరవాత" అన్నాడు సింగదేవుడు. రొండిన దోపుకున్న తాటాకు తీసి, రెండుగా చించి లోయలోకి వదిలాడు. "ఈ విచారణ ముగిసింది. వినండి. నింద నిజం. పలుకు కాపరి గంగసాని రెండు పిలుపులకు కావాలనే పలకలేదు. అది తప్పే. తప్పు కాదని నేను చెప్పలేను. ఇరవై రెండేళ్ళ కొలువులో ఆమెకు ఇది మొదటి తప్పు. ముగ్గురి పని ఒంటి మీద వేసుకుని, విన్నపాలకు జవాబు లేక చేసిన తప్పు. దీనికి శిక్ష..."

ఆయన గంగసాని వైపు తిరిగాడు. ఆమె అప్పటికే రాతికి తల ఆనించి నిద్రపోయింది. ఎండ ముఖాన పడుతున్నా తెలియనంత నిద్ర. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. సింగదేవుడు పక్కన గొంతుక్కూర్చుని, ఆమెకు మెలకువ రాకుండా, వీలైనంత చిన్నగా అన్నాడు.

"గంగసానీ, నిన్ను మందలిస్తున్నాను. ఇంకెప్పుడూ అలా చేయకు."

శాసనం ప్రకారం దానితో ఆమె శిక్ష పూర్తయింది. వేట విడిది నుంచి మల్లప్ప, సూరన్న రావాలంటే గుర్రం మీద కూడా నాలుగు గడియలు పడుతుంది. ఒక భటుడు అప్పటికే ఆ దారిన పోయాడు. ఈ నాలుగు గడియలూ పలకడానికి గంగసానికి గొంతు లేదు, సింగదేవుడికి ఊపిరి లేదు. బండ అంచున ఉన్న నాలుగు వేళ్ళు ఐదయ్యాయి.

సింగదేవుడు రణమల్లుణ్ణి జబ్బ పట్టుకుని కొండ వైపు తిప్పాడు.

"ఆమె వంతు అయిపోయింది. నా వంతు అయిపోయింది. ఈ కోటకు పాలకుడివి. వంతులు చెదరగొట్టినవాడివి. ఇప్పుడు నీ వంతు."

"నేనా?" అన్నాడు రణమల్లుడు. పన్నీటి వాసన పోయి చెమట వాసన వస్తోంది. "నాకు అలవాటు లేదు! రక్తం కక్కుకుంటాను!"

"అవును. బహుశా కక్కుకుంటావు" అన్నాడు సింగదేవుడు, జాలిగానే.

సూర్యుడు పడమటి కొండను తాకాడు. గోడ మీద మూడు వందల మందీ ఊపిరి బిగపట్టారు. కొండ గర్భంలో ఏదో పొర్లినట్టయింది, చీలికలోంచి వెచ్చటి గాలి కొట్టింది. ఆ వెనకే పిలుపు వచ్చింది.

"వాకిట ఎవరు?"

అందరూ రణమల్లుడి నోటి వైపు చూశారు.